వెన్న ఎక్కడికి పోయింది?

తెలుగులో కుక్కను ‘అది’ అంటాం, కొడుకును ‘వాడు’ అంటాం. ఈ ఒక్క కారణం వల్ల నా అనువాదం మూడు నెలలు ఒకే పేజీ దగ్గర ఆగిపోయింది.

నేను అనువదిస్తున్నది బ్రెజిల్ నాటకం. అరియానో సువస్సునా 1955లో రాసిన ‘ఆటో ద కొంపదెసీద’. ఈ ‘ఆటో’కు మన వీధుల్లో తిరిగే ఆటోతో సంబంధం లేదు. దైవాన్ని, పాపాన్ని, తీర్పును రంగస్థలం మీదికి తెచ్చే పాతకాలపు పోర్చుగీసు నాటక ప్రక్రియకు అది పేరు. అయిదు వందల ఏళ్ళ కిందట పోర్చుగల్‌లో జీల్ విసెంతే రాసినవి ఆ కోవలోవే. సువస్సునా ఆ పాత పాత్రలో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు సంత కథలు వండాడు. ఉద్యోగరీత్యా నాలుగేళ్ళు సావో పాలోలో ఉన్నప్పుడు, భాష నేర్చుకునే రోజుల్లో, ఈ నాటకం ఆధారంగా గెల్ అరాయెస్ తీసిన సినిమా చూశాను. 1999 జనవరిలో టీవీలో నాలుగు భాగాలుగా వచ్చింది. మరుసటి ఏడాది కుదించి థియేటర్లలో విడుదల చేశారు. అప్పటికే ఇంట్లో కూర్చుని చూసేసిన కథే అయినా ఇరవై లక్షల మందికి పైగా టికెట్టు కొని మళ్ళీ చూశారు. నాతో పనిచేసే వాళ్ళు భోజనాల దగ్గర అందులోని మాటలు ఒకరు మొదలుపెడితే మరొకరు పూర్తి చేసేవారు.

విజయవాడ తిరిగి వచ్చాక మా నాటక బృందానికి ఆ కథ చెప్పాను. ఎనిమిది మందిమి, ఆదివారం ఆదివారం ఒక బడిలో కలుస్తాం. కథ సగం కాకముందే అందరూ పడిపడి నవ్వుతున్నారు. తెలుగులో రాసి తీసుకురా, కూర్చుని చదువుకుందాం అన్నారు. అలా మొదలైంది.

కథ క్లుప్తంగా చెబుతాను. జువావ్ గ్రీలో, షికో అని ఇద్దరు నిరుపేదలు. గ్రీలో అంటే కీచురాయి. మనిషి అంతే ఉంటాడు, బక్కగా, నోరు ఊరుకోకుండా. షికో పిరికివాడు, కోతలరాయుడు. ఇద్దరూ రొట్టెల దుకాణంలో పనివాళ్ళు. యజమాని భార్య పెంచుకునే కుక్క జబ్బు పడుతుంది. దాన్ని దీవించమంటే ఊరి చర్చిలో పూజలు చేసే విచారణ గురువు ఒప్పుకోడు. కుక్క చచ్చిపోతుంది. లాటిన్ ప్రార్థనలతో అంత్యక్రియలు జరిపించాలని ఆమె పట్టు. చచ్చిన కుక్క వీలునామా రాసిందనీ, అందులో గురువుకూ చర్చి పనులు చూసే సాక్రిస్టానుకూ డబ్బు రాసిందనీ గ్రీలో చెప్పగానే లాటిన్ వచ్చేస్తుంది. ఆ తరువాత బిషప్పుకూ అందులో వాటా పుడుతుంది. డబ్బులు విసర్జించే పిల్లి, చచ్చినవాళ్ళను లేపే మౌతార్గన్, ఊరి మీద పడే సెవెరీనో అనే బందిపోటు. చివరికి దాదాపు అందరూ చచ్చి పరలోకపు న్యాయస్థానం ముందు నిలబడతారు. సైతాను ఫిర్యాది, క్రీస్తు న్యాయమూర్తి, మరియ మాత వకీలు.

ఇక నేను ఆగిపోయిన పేజీ. కుక్క మేజర్ ఆంటోనియో మొరాయిస్‌ది అని గ్రీలో గురువుకు అబద్ధం చెబుతాడు. ఊళ్ళోకెల్లా పెద్ద భూస్వామి పేరు వినగానే గురువు దీవెనకు సరే అంటాడు. అంతలో ఆ మేజరే నిజంగా వస్తాడు, జబ్బుపడిన తన కొడుకును దీవించమని అడగడానికి. ఆయన కొడుకు గురించి మాట్లాడుతుంటాడు, గురువు కుక్క గురించి వింటుంటాడు. పోర్చుగీసులో కుక్కకూ కొడుకుకూ ఒకే సర్వనామం సరిపోతుంది, అది కూడా చెప్పకుండా వాక్యం నడుస్తుంది. తెలుగులో ‘దగ్గుతున్నాడు’ అన్నానా, ఇక ఆ నోట కుక్క రాదు. ‘దగ్గుతోంది’ అన్నానా, కొడుకు రాడు. అపార్థం పుట్టకముందే చచ్చిపోతుంది.

సినిమాలో మేజరుకు కొడుకు బదులు కూతురు ఉంది, రోజీన్య. ఆ పాత్ర ఈ నాటకంలో లేదు, సినిమా కోసం వచ్చి చేరింది. కూతురైతే తెలుగులో చిక్కే లేదు. ‘దగ్గుతోంది, మూలుగుతోంది’ అన్న మాటలు అమ్మాయికీ కుక్కకూ సమానంగా సరిపోతాయి. అయినా మూలంలో ఉన్న కొడుకును నా సౌకర్యం కోసం కూతురిగా మార్చే హక్కు నాకుందా అని మనసు పీకింది. ఎవరినైనా అడగాలి. ఈ నాటకాన్ని పుస్తకంగా చదివినవారినే కాదు, ఆడించినవారిని అడగాలి.

సావో పాలోలో నాకు పోర్చుగీసు నేర్పిన ఉపాధ్యాయురాలికి ఉత్తరం రాశాను. ఆమె తన చుట్టాల ద్వారా ఈశాన్య బ్రెజిల్ నగరం రెసీఫేలో ఉన్న ఒక నాటక దర్శకురాలి చిరునామా సంపాదించి ఇచ్చారు. పేరు రాయవద్దని ఆ దర్శకురాలే కోరారు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. కాలేజీలో చదివేటప్పుడు ఇదే నాటకంలో విదూషకుడి వేషం వేశారు. తరువాత మూడు సార్లు, మూడు వేర్వేరు బృందాలతో ఆడించారు. నేను ఒక పేజీ ఉత్తరం రాసి, కుక్కా కొడుకుల చిక్కు వివరించి, ఒక గంట సమయం ఇవ్వగలరా అని అడిగాను. పదకొండు రోజుల తరువాత జవాబు వచ్చింది. జూన్ 24 దాకా కుదరదు, సెయింట్ జాన్ పండుగ, ఇక్కడ ఎవరూ పని చేయరు, ఆ తరువాతి శనివారం మాట్లాడుకుందాం అని. కింద రెండు షరతులు. ఒకటి, ఆ లోపు సినిమా మళ్ళీ చూడకూడదు. రెండు, తెలుగులో చేసిన మొదటి రంగం చేతిలో సిద్ధంగా ఉండాలి.

మొదటి షరతు అప్పుడు అర్థం కాలేదు. తరువాత ఆమే చెప్పారు. గ్రీలోగా మాతెయుస్ నాష్టెర్గాలి, షికోగా సెల్టన్ మెల్లో చేసిన అభినయం ఎంత గట్టిదంటే, 2000 తరువాత ఏ ఊళ్ళో ఈ నాటకం వేసినా కుర్రాళ్ళు నాటకాన్ని వదిలి వాళ్ళిద్దరినీ ఆడుతున్నారట. సినిమా మీద ఆమెకు కోపం లేదు, గౌరవం ఉంది. కానీ అది ఒక దర్శకుడి శ్వాస, దాని వేగం వేరు. మీ భాషకు దాని శ్వాస దొరకాలంటే కొంతకాలం ఆ గొంతులు చెవిలో ఉండకూడదు అన్నారు. అనువాదం చేసేవాళ్ళకు ఇంతకంటే పనికొచ్చే సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆ శనివారం రెసీఫేలో పొద్దున పది, మాకు సాయంత్రం ఆరున్నర. ఎనిమిదిన్నర గంటల తేడా. కరెంటు పోతే ఆగిపోకుండా ఫోను నిండుగా చార్జి చేసుకుని, కంప్యూటర్ పక్కన పుస్తకం, అనువాదం, పెన్సిల్ పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద ఆమె కనిపించారు. డెబ్బైకి దగ్గర వయసు, తెల్ల జుట్టు, వెనక గోడ మీద చెక్కతో అచ్చువేసిన నల్లటి బొమ్మలు. కిటికీ బయట ఎక్కడో టపాకాయలు పేలుతున్నాయి. పండుగ అయిపోయినా పిల్లలు మిగిలినవి కాలుస్తున్నారు అన్నారు. మాకు దీపావళి మర్నాడు అంతే అన్నాను.

నేను ‘సెన్యోరా’ అని మర్యాదగా మొదలుపెట్టాను. వద్దు, ‘వోసె’ చాలు అన్నారు. తెలుగులో ఆలోచించే నాకు అంత పెద్దావిడను ‘నువ్వు’ అన్నట్టే అనిపించి నోరు రాలేదు. చివరిదాకా సెన్యోరా అనే పిలిచాను. ఆమె కూడా ఇక పట్టుపట్టలేదు. ఆమె ఉచ్చారణ మాత్రం నాకు హాయిగా ఉంది. సావో పాలోలో ‘తి’ని ‘చి’ అని, ‘ది’ని ‘జి’ అని పలకడం నేర్చుకోవడానికి నానా తిప్పలు పడ్డాను. ఈమె నోట ‘తి’, ‘ది’ మన అక్షరాల్లాగే వినిపించాయి. నాలుగేళ్ళు అక్కడ ఉండి కూడా వినని పోర్చుగీసు అది.

ముందు కొడుకు సంగతి. కూతురిగా మారిస్తే తెలుగు వాక్యం దానంతట అదే కుదురుతుంది అని చెప్పాను. కొంచెం సేపు ఆలోచించి తల అడ్డంగా ఊపారు. తన పూర్వీకులు పోర్చుగీసు ఓడల్లో వచ్చిన గొప్పవాళ్ళని నాటకంలో మేజరు చెప్పుకుంటాడు. ఆ వంశం పేరు మోయవలసినవాడు ఆ కొడుకు. అలాంటి వారసుడిని ఒక పల్లెటూరి గురువు కుక్క కింద జమకడితే తగిలే దెబ్బ వేరు. కూతురితో కూడా నవ్వు వస్తుంది కానీ ఆ దెబ్బ తగలదు. ఇంకొక దారి వెతకండి, మీ భాషలో మనిషికీ జంతువుకూ తేడా చూపించని మాట ఒక్కటి కూడా లేదా అని అడిగారు.

ఉంది. మూడు నెలలుగా నా నోట్లోనే ఉంది. ‘తినడం లేదు’. వాడు తినడం లేదు, అది తినడం లేదు, ఆమె తినడం లేదు. ఇలా ‘-డం లేదు’ అన్నప్పుడు తెలుగు క్రియ ఎవరినీ వేరు చేయదు. ఆమె అడిగిన క్షణంలో అది తట్టింది, అక్కడికక్కడే పెన్సిల్‌తో రాసి చదివాను. ‘ముద్ద ముట్టడం లేదు, కంటికి కునుకు లేదు, పిలిస్తే పలకడం లేదు, లేచి నాలుగడుగులు వేయడం లేదు.’ మేజరు కొడుకు గురించి బెంగగా చెబుతాడు, గురువు కుక్క గురించి శ్రద్ధగా తల ఊపుతాడు, ఒక్క అక్షరం ఎవరినీ పట్టివ్వదు. ప్రతి వాక్యం చివరా వినిపిస్తున్న ఆ మాట ఏమిటి అని అడిగారు. ‘లేదు’ అంటే ఏమిటో చెప్పాను. ఆమె దాన్ని రెండు సార్లు పలికి, తన కాగితం మీద తన అక్షరాల్లో రాసుకున్నారు.

అక్కడితో నేను అడగాలనుకున్నది అయిపోయింది. ఇంకో పావుగంటలో సెలవు తీసుకుందామని ఉన్నాను. ఆమె మొదటి రంగం తెలుగులో చదవమన్నారు. మీకు అర్థం కాదు కదా అంటే, నాకు ఈ నాటకం గుండెల్లో ఉంది, మీరు చదవండి, నేను పోర్చుగీసులో వింటాను అన్నారు.

చదివాను. షికో చెప్పే గుర్రం కథ, గ్రీలో ఆరాలు, షికో ఎప్పటి జవాబు. ఎంత నమ్మలేని సంగతి చెప్పినా, అది ఎలా జరిగిందిరా అని నిలదీస్తే షికో ఒకటే అంటాడు: నాకు తెలియదు, అలా జరిగిందని మాత్రం తెలుసు. ఆ మాట దగ్గర నేను కొంచెం సాగదీసి చదివాను, నవ్వు రావాలని. ఆమె చెయ్యెత్తి ఆపారు. షికో మోసగాడు కాదు. అమెజాన్ నదిలో పిరరుకు చేప తనను గాలం వేసి పట్టుకుందని చెప్పేటప్పుడు కూడా వాడు చూసిందే చెబుతున్నాడు. గ్రీలో అబద్ధం కడుపు నింపుకోవడానికి, షికో అబద్ధం భయం మరిచిపోవడానికి. ఆ మాట సాక్షి చెప్పినట్టు చెప్పించండి అన్నారు. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్ళాను.

మరో రెండు నిమిషాలకు మళ్ళీ చెయ్యెత్తారు. ఈసారి మొహంలో నవ్వు లేదు. ‘వెన్న ఎక్కడికి పోయింది?’ అన్నారు.

అర్థం కాలేదన్నాను. తెలుగులో వెన్నను ఏమంటారో అడిగారు. చెప్పాను. ఆ మాట నాకు వినపడలేదు, ఇప్పటికి రెండుసార్లు వచ్చి ఉండాల్సిన చోటు దాటిపోయారు, రంగం తొందరగా నడిచిపోయింది, ఎక్కడో ఏదో తీసేశారు అన్నారు. ఒక్క తెలుగు ముక్క రాని మనిషి, దాదాపు పదమూడు వేల కిలోమీటర్లకు అటువైపు నుంచి, వాక్యాల నిడివిని బట్టి పట్టుకున్నారు. నిజమే, తీసేశాను.

అది గ్రీలో మాట. తాను జబ్బుతో మంచం పట్టి ఉన్నప్పుడు, యజమానురాలు కుక్కకు పంపించే పళ్ళెం తన కళ్ళ ముందు నుంచే వెళ్ళేదట. వెన్నలో వేయించిన మాంసం కూడా ఉండేదట అందులో. తనకు మాత్రం ఏమీ లేదు. ఆ దుకాణంలో చాకిరీ చేసి, మూడు రోజులు జ్వరంతో వణుకుతూ పడి ఉంటే గ్లాసెడు మంచినీళ్ళు పంపినవాళ్ళు లేరని తరువాత ఇంకొక చోట కూడా అంటాడు. మా బృందంలో చదివినప్పుడు ఆ వాక్యాల దగ్గర నవ్వు తెగిపోతోందనిపించింది. హాస్య నాటకం మొదట్లోనే ఇంత బరువెందుకని తీసి పక్కన పెట్టాను. అది నా పొరపాటు. అదే మాట ఆమెకు చెప్పాను.

ఆమె కోప్పడలేదు. ముందుకు వంగి, ఒక తరగతి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. ఆ తరువాత దాదాపు గంట సేపు ఆమె మాట్లాడుతుంటే నేను రాసుకోవడమే చేశాను. కుక్క అంత్యక్రియలు నవ్వు పుట్టిస్తాయి, సరే. ఎందుకు పుట్టిస్తాయి? చచ్చిన కుక్కకు లాటిన్ దొరికింది, బతికున్న పనివాడికి నీళ్ళు దొరకలేదు. ఆ రెండూ పక్కపక్కన లేకపోతే అది ఉత్త కుక్క జోకు. గ్రీలో వేసే ప్రతి ఎత్తూ ఆ పళ్ళెం దగ్గర పుట్టింది. పిల్లిని అమ్మడం దగ్గర నుంచి పరలోకంలో వాదించడం దాకా ఆకలే వాడికి చదువు నేర్పింది. మీరు వెన్న తీసేస్తే మూడో అంకంలో తల్లి దేనికి జాలిపడుతుంది?

వాడిని నాటకంలో అందరూ ‘అమరేలో’ అంటారు, పసుపుపచ్చని వాడని. నేను దాన్ని ‘పచ్చనివాడు’ అని రాశాను. ఆమె ఆ మాట గురించి చెబుతుంటే నాకు ఒళ్ళు చల్లబడింది. ఈశాన్య బ్రెజిల్‌లో ఆ పసుపు తిండి లేక, రోగాలతో పాలిపోయిన పేదవాడి మొహం రంగు. మన దగ్గర పచ్చగా ఉండు అంటే దీవెన. పచ్చని సంసారం అంటే కళకళలాడే సంసారం. తిండి లేనివాడికి నేను నిండుగా ఉన్నవాడి పేరు పెట్టాను. ఆ సాయంత్రమే కొట్టేసి ‘పాలిపోయినోడు’ అని కాక ‘పాలమొహం వాడు’ అని కాక, చివరికి ‘నెత్తురు లేనివాడు’ అని రాసుకున్నాను. మా అమ్మమ్మ బక్కచిక్కిన పిల్లలను చూసి ఆ మాటే అనేది, మొహాన నెత్తురు చుక్క లేదని.

ఆ కథలు ఎక్కడివో ఆమె చూపించారు కూడా. లేచి వెళ్ళి గుప్పెడు చిన్న పుస్తకాలు తెచ్చి తెర ముందు పట్టుకున్నారు. అరచేతి వెడల్పు, ముతక కాగితం, అట్ట మీద చెక్క అచ్చు బొమ్మ. సంతల్లో తాడు మీద వేలాడదీసి అమ్మే పద్య కథలు, వాటినే ‘కోర్డెల్’ అంటారు. కోర్డెల్ అంటే పురికొస. అమ్మేవాడు రాగం తీసి సగం కథ పాడి, మంచి పట్టు మీద ఆపేవాడట, మిగతాది కొనుక్కుని చదువుకోవాలి. కుక్క అంత్యక్రియలు, డబ్బు విసర్జించే జంతువు అనే రెండు కథలూ లియాంద్రో గోమెస్ ద బారోస్ అనే సంత కవి పద్యాల్లోవి. ఆయన 1918లో పోయాడు. ఆయన పద్యాల్లో డబ్బు విసర్జించేది గుర్రం, సువస్సునా దాన్ని పిల్లిని చేశాడు. నాటకంలోని పరలోక న్యాయస్థానం కూడా అలాంటి ఒక పద్య కథ మీద నిలబడిందే. గ్రీలో పేరు సైతం కోర్డెల్ నుంచి వచ్చిందే. 2018లో బ్రెజిల్ ప్రభుత్వం ఈ సాహిత్యాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆ చిన్న పుస్తకాలు చూస్తుంటే మన తిరునాళ్ళలో అమ్మే కథల పుస్తకాలు గుర్తొచ్చాయి. తోలుబొమ్మలాటలో కథ మధ్య దూరి తిట్టుకునే జుట్టుపోలిగాడు, బంగారక్కల గురించి చెప్పాను. ఆమె ప్రాంతంలో మమూలెంగో అనే బొమ్మలాట ఉంది. తపెరొవా అనే చిన్న ఊళ్ళో పెరుగుతున్నప్పుడు సువస్సునా చూసింది అవే, ఆ బొమ్మలాటలు, ఊరికొచ్చిన సర్కసులు. ఈ నాటకాన్ని విదూషకుడు నడిపించేది అందుకే.

అప్పుడు ఆమె చెప్పిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు. సువస్సునా తండ్రి పరాయిబా రాష్ట్రానికి పాలకుడిగా చేసిన మనిషి. 1930 అక్టోబరు 9న రియోలో ఆయనను కాల్చి చంపారు. కొడుకుకు అప్పుడు మూడేళ్ళు. ఆ కొడుకు పెద్దయి రాసిన హాస్య నాటకంలో బందిపోటు సెవెరీనో గురువునూ బిషప్పునూ రొట్టెల దుకాణం దంపతులనూ చంపిస్తాడు, తీర్పు రోజున మాత్రం నేరుగా స్వర్గానికి వెళతాడు. పోలీసులు తన కుటుంబాన్ని చంపినప్పుడు మతి చలించినవాడు, తాను చేసినదానికి బాధ్యుడు కాడు అంటాడు క్రీస్తు. తండ్రిని తుపాకీకి పోగొట్టుకున్నవాడు ఈ తీర్పు రాశాడు, నటులకు ఇది చెప్పి తీరాలి అన్నారామె. నేను పెన్సిల్ కింద పెట్టేశాను.

తీర్పు రంగంలో నాకు ఇంకో చిక్కు ఉంది. పేర్లూ చర్చి మాటలూ. క్రీస్తును నాటకంలో మనువేల్ అంటారు. ఆయన నల్లజాతి మనిషిగా వస్తాడు. గ్రీలో ఆశ్చర్యపోతే, మీ మనసుల్లో ఏముందో బయటపడాలనే ఇలా వచ్చాను అన్నట్టు మాట్లాడతాడు. నేను ‘ఇమ్మానుయేలు’ అని పెట్టాను. మా గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఆ పేరు ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. ఇంటిపక్క మనిషి పేరు దేవుడికి ఉంటే మంచిదే, మనువేల్ కూడా ఇక్కడ అలాంటి పేరే అన్నారు. సైతానును ‘తోలు తొడిగినవాడు’ అంటారు. ఆ మెట్ట ప్రాంతంలో పశువులు కాసేవాళ్ళు ముళ్ళపొదల మధ్య తిరగాలి కాబట్టి తోలు దుస్తులు వేసుకుంటారు, సైతాను అలాగే వస్తాడని జనం నమ్మకం. ఇక గురువు, బిషప్పు, సాక్రిస్టాను, రొట్టెల దుకాణం దంపతులు స్వర్గానికి ముందు పాపాలు కడుక్కోవడానికి వెళ్ళే చోటుకు తెలుగు మాట మా స్నేహితుడి తల్లి చెప్పింది. ఆమె గుణదలలో ఉండే కతోలికురాలు. ‘ఉత్తరించు స్థలం’ అనాలి బాబూ, మేము ప్రార్థనలో అదే అంటాం అని చెప్పింది.

గుణదల మాట రాగానే దర్శకురాలు ఆపి వివరాలు అడిగారు. మరియ మాత కొండ, ఫిబ్రవరి 11న ముగిసే ఉత్సవం, మతంతో పని లేకుండా వచ్చే జనం, తలనీలాలు ఇవ్వడం, కొబ్బరికాయలు, అన్నీ చెప్పాను. జనం ఆ తల్లితో ఎలా మాట్లాడతారు అని అడిగారు. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ విన్నాను. స్తోత్రాలు స్తోత్రాలే, కొండ ఎక్కేటప్పుడు మాత్రం ఆడవాళ్ళు దెబ్బలాడతారు. ‘అమ్మా, చూస్తూ ఊరుకున్నావేమిటి? నీకూ బిడ్డ ఉన్నాడు కదా!’ అంటారు.

ఆమె రెండు చేతులూ చరిచారు. అంతే, అదే అన్నారు. గ్రీలో ఇక ఏ దారీ లేక తల్లిని పిలిచేటప్పుడు స్తోత్రం చదవడు. చిన్నప్పుడు వాడి అమ్మ జోకొడుతూ పాడిన పద్యం అందుకుంటాడు. అందులో సాధువైన ఆవు పాలివ్వడం, పొగరుబోతు ఆవు తన ఇష్టమైనప్పుడే ఇవ్వడం, ఒకప్పటి ఓడ ఇప్పుడు చిన్న పడవ అయిపోవడం లాంటివి ఉంటాయి. ఇది అమర్యాద అని సైతాను అరుస్తాడు. తల్లి మాత్రం, అదీ ఒక ప్రార్థనే, కాస్త వేడుకగా ఉంది, నాకు ఎప్పుడూ ఇష్టమే, ఏడుపు మొహాలు కావలసింది సైతానుకు అంటుంది. నేనేమో ఆ పద్యాన్ని తేటగీతిలో గంభీరంగా రాసి పెట్టుకున్నాను. చదివి వినిపించాను. ఇది బిషప్పు పాడతాడు, గ్రీలో పాడడు అన్నారు.

నాటకం పేరు దగ్గర కూడా అదే సర్దుబాటు జరిగింది. కొంపదెసీద అంటే దయామయి అని రాశాను. ఆ మాట క్రియ నుంచి పుట్టింది, జాలిపడి ఉన్నది అని అర్థం, అది బిరుదు కాదు, ఆమెకు జరిగిన సంగతి అన్నారు. ‘మనసు కరిగిన తల్లి’ అన్నాను. తెలుగులో మనసు కరుగుతుందని వివరించాక, మైనంలాగానా, వెన్నలాగానా అని అడిగారు. వెన్నలాగే అంటాం అన్నాను. ఇద్దరం కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు.

సెలవు తీసుకునే ముందు ఒక జాగ్రత్త చెప్పారు. సువస్సునా 2014లో పోయారు. బ్రెజిల్ చట్టం ప్రకారం ఆయన రచనల మీద హక్కులు 2084 చివరి దాకా వారసులవే. గదిలో కూర్చుని మీలో మీరు చదువుకోవడం వేరు, పదిమందిని పిలిచి వేదిక మీద వేస్తే ముందుగా అనుమతి తీసుకోవాలి, ఉత్తరం నేను రాసి పెడతాను అన్నారు. గంట అనుకున్నది రెండు గంటల పది నిమిషాలు అయింది.

మర్నాడు ఆదివారం బడిలో కలిసినప్పుడు తీసేసిన వాక్యాలు తిరిగి పెట్టిన కాగితాలు పంచాను. గ్రీలో చదివే కుర్రాడు పగలు ఒక హోటల్లో పనిచేస్తాడు. పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి వాడు గొంతు మార్చలేదు, ఏమీ చేయలేదు, మామూలుగా చదువుకుంటూ పోయాడు. ఎవరూ నవ్వలేదు. కుక్క వీలునామా దగ్గరికి వచ్చేసరికి, ఇదివరకు ఎన్నడూ లేనంతగా నవ్వారు. మేజరు రంగం ఒక్క సవరణ లేకుండా నడిచింది. పద్యాన్ని మాత్రం ఇంకా జోలపాట వరసలోకి తెస్తున్నాం. స్నేహితుడి తల్లి వచ్చి కూర్చుని, ఈ మాట ఇలా సాగదు, ఊయల ఊపే చేతికి అడ్డం పడుతోంది అని దిద్దుతోంది.

మొదటి రంగం ఫోనులో రికార్డు చేసి రెసీఫేకు పంపాను. మూడు రోజులకు జవాబు వచ్చింది. వెన్న వినపడింది అని రాశారు. లాటిన్ ప్రార్థన దగ్గర సాక్రిస్టాను తొందరపడుతున్నాడట. డబ్బు అందాక మనిషి నిదానంగా ప్రార్థిస్తాడు, ఆ పేజీ ఇంకోసారి చదివించండి అన్నారు. వచ్చే ఆదివారం ఆ పేజీ నుంచే మొదలుపెడతాం.